ఆండీస్ కొండల అడవి పొగాకు పొద: ఎలా గుర్తుపట్టాలి, ఆకు ఎందుకు తినకూడదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో మీరు వాకింగ్‌కి వెళ్ళే దారిలో, ఎండిపోయిన వాగు పక్కన, మనిషికి రెండింతల ఎత్తున ఒక పొద ఉంది. నీలం కలిసిన బూడిద రంగు ఆకులు, వేలెడు పొడవున్న పసుపు గొట్టాల పూలు. దాన్ని చూసి ఒకరు ఆండీస్ కొండల్లోని అడవి పొగాకు అన్నారు, ఇంకొకరు నైట్ క్వీన్‌లో ఒక రకం అన్నారు. ఇండియా నుంచి వచ్చిన మీ అత్తగారు దాని చుట్టూ మొలిచిన లేత మొక్కలు చూసి, ఈ ఆకు పప్పులోకి బాగుంటుందేమో అంటున్నారు. ఇది అసలు ఏమిటి, తినొచ్చా, హమ్మింగ్‌బర్డ్స్ బాగా వాలుతున్నాయి కాబట్టి పెరట్లో పెంచుకోవచ్చా అన్నది మీ ప్రశ్న.

ముందు ముఖ్యమైన జవాబు. ఆ ఆకు తినకూడదు. ఉడికించి నీళ్ళు పారబోసినా, పప్పులో గుప్పెడే వేసినా సరే, వద్దు. మీ మొదటి మిత్రుడు చెప్పిందే నిజం. మీ ఫొటోల్లో ఉన్నది నికోటియానా గ్లాకా. పొగాకు ప్రజాతికే చెందిన పొద. సొంత ఊరు అర్జెంటీనా వాయవ్య భాగం, దానికి ఆనుకుని ఉన్న బొలీవియా. ఇది తిని మనుషులు చనిపోయిన కేసులు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. ఈ మాట మీ అత్తగారికి ఈరోజే చెప్పండి, మిగతాది తీరిగ్గా చదవొచ్చు.

నేను వృక్షశాస్త్రం చదివి, ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం పొగాకు అడవి జాతుల సేకరణ తోటలోనే గడిపాను. గ్లాకాని విత్తనం నుంచి పెంచాను, వర్ణన రాశాను, తర్వాత అర్జెంటీనాలో దాని సొంత నేల మీదా చూశాను. అందుకే కొంచెం పొడుగ్గానే చెబుతాను. పేరు తెలుసుకుంటే సరిపోదు. ఇంకోసారి ఎవరూ చెప్పకుండానే మీరే గుర్తుపట్టగలగాలి.

చేత్తో చూడవలసిన మొదటి గుర్తు: ఆకు నున్నగా ఉంటుంది.

ఒంగోలు, కందుకూరు వైపు పొగాకు చేలో పనిచేసినవాళ్ళెవరినైనా అడగండి, పొగాకు అనగానే బంక గుర్తొస్తుంది. ఆకు మీద సన్నని నూగు ఉంటుంది, ఆ నూగు కొసల్లో జిగురు ఉంటుంది. కోతల రోజుల్లో ఆ జిగురు చేతులకి అంటుకుని నల్లగా పేరుకుంటుంది, సబ్బుతో రుద్దినా ఒక పట్టాన వదలదు. పొగాకు ప్రజాతిలో ఎనభైకి పైగా జాతులున్నాయి, వాటిలో చాలావాటికి ఈ గ్రంథి కేశాలు ఉంటాయి. గ్లాకా మాత్రం వీటికి భిన్నం. కాండం, కాడ, ఆకు అన్నీ కేశ రహితం. నూగుకి బదులు దాని ఒంటి మీద మైనపు పూత ఉంటుంది. మీరు చూసిన నీలి బూడిద రంగు ఆకుది కాదు, ఆ పూతది. జిల్లేడు ఆకు మీద ఉండే బూడిద పూత లాంటిదే. బొటనవేలితో గట్టిగా ఒకసారి రుద్దితే ఆ మేర పూత పోయి కింద మామూలు ఆకుపచ్చ బయటపడుతుంది. జిల్లేడుకీ దీనికీ ఉన్న తేడా, ఆకు తుంచితే దీనికి పాలు కారవు.

ఇలా ముట్టుకుని చూశాక చేతులు సబ్బుతో కడుక్కోండి. విషం చర్మం గుండా కూడా కొంత లోపలికి పోగలదు. ఒక్క ఆకు ముట్టుకుంటే ఏమీ కాదు గానీ, కడుక్కోకుండా కళ్ళూ నోరూ తాకొద్దు.

మైనపు పూత గురించి ఇంకో మాట. ఎండబెట్టి అట్టకి అతికించిన హెర్బేరియం నమూనాలో ఈ రంగు చాలావరకు పోతుంది, పూల పసుపు కూడా గోధుమ రంగులోకి దిగుతుంది. అందుకే మా తోటకి వచ్చే విద్యార్థులకి ఒకటే చెప్పేవాణ్ణి: రంగు, పూత, వాసన, కొమ్మలు వంగిన తీరు, ఈ నాలుగూ మొక్క బతికి ఉండగానే, దాని పక్కన నిలబడి రాసుకోవాలి. కొలతలు తర్వాత బల్ల దగ్గరైనా తీసుకోవచ్చు. ఎండిన నమూనా ఒక్కదాన్నే చూసి రాసిన వర్ణనలో గ్లాకా ఏదో మామూలు పొద అయిపోతుంది.

ఇక పూర్తి వర్ణన. మీరు ఎదురుగా నిలబడి ఒక్కొక్కటే సరిచూసుకునేలా రాస్తున్నాను.

మొక్క బహువార్షికం. పొద, లేదా చిన్న చెట్టు. ఎత్తు ఎక్కువగా 2 నుంచి 6 మీటర్ల మధ్య. కొమ్మలు దట్టంగా అల్లుకోవు. పలచగా, పొడుగ్గా సాగి, కొసల దగ్గర బరువుకి వంగి వేలాడతాయి. లేత కాండం నీలి పచ్చగా, ఒక్కోసారి ఊదా జీరతో ఉంటుంది, ముదిరాక గోధుమ రంగుకి తిరుగుతుంది. కర్ర మెత్తన, పెద్ద గాలికి కొమ్మలు విరిగిపోతాయి.

ఆకులు ఏకాంతరంగా, అంటే కణుపుకి ఒకటి చొప్పున వస్తాయి. పత్రపుచ్ఛాలు, అంటే కాడ మొదట్లో ఉండే చిట్టి ఆకుల్లాంటివి, లేవు. కాడ స్పష్టంగా, పొడుగ్గా ఉంటుంది. ఇది గమనించండి, ఎందుకంటే మన సాగు పొగాకులో ఆకు అడుగు భాగం దాదాపు కాండాన్ని హత్తుకునే ఉంటుంది. గ్లాకా ఆకు పొడవు 5 నుంచి 25 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు. కింది ఆకులు వెడల్పుగా, అండాకారంలో, కొన్నిసార్లు అడుగున హృదయాకారపు నొక్కుతో ఉంటాయి. పైకి పోయేకొద్దీ సన్నబడి బల్లెం ఆకారానికి వస్తాయి. అంచులో రంపపు పళ్ళు లేవు, చీలికలు లేవు. మందం, పట్టుకుంటే రబ్బరులా ఉంటుంది.

పూలు కొమ్మ చివర వదులుగా గుత్తులు కడతాయి. రక్షక పత్రావళి, అంటే పువ్వు అడుగున ఉండే పచ్చని తొడుగు, చిన్న గొట్టం, 1 నుంచి 1.5 సెంటీమీటర్లు, పైన 5 కోసుగా ఉన్న పళ్ళు. ఆకర్షణ పత్రావళి, అంటే రేకులు కలిసిన భాగం, 3 నుంచి 4.5 సెంటీమీటర్ల పొడవున్న గొట్టం. మొగ్గలో పచ్చగా ఉండి, విచ్చుకునేసరికి పసుపు రంగుకి వస్తుంది. ఇక్కడ భూతద్దం తీయండి. మొక్కంతా నున్నగా ఉందన్నాను కదా, పువ్వు గొట్టం బయటి వైపు మాత్రం చాలా సన్నని నూగు కనిపిస్తుంది. గొట్టం మూతి దగ్గర కొంచెం ఉబ్బి, మళ్ళీ బిగుసుకుంటుంది. రేకులు విప్పారవు. మూతి చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల అంచు మాత్రమే, అందులో ఐదు చిన్న నొక్కులు. లోపల ఐదు కేసరాలు, పుప్పొడి తిత్తులు మూతి దాకా వస్తాయి. కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే ఆడ భాగపు కొన, కూడా దాదాపు అదే ఎత్తులో ఉంటుంది. ఈ చిన్న సంగతికి పెద్ద ఫలితం ఉంది, తర్వాత చెబుతాను.

కాయ మృదుఫలం కాదు, గుళిక. వంకాయ, టమాటా, మిరప, కామంచి ఇవన్నీ ఇదే కుటుంబం, అంటే సొలనేసి. వాటిలో కాయ కండగా ఉంటుంది. పొగాకు ప్రజాతిలో మాత్రం కాయ ఎండి పగులుతుంది. గ్లాకా గుళిక ఒక సెంటీమీటరు అటూ ఇటూ, కోడిగుడ్డు ఆకారం. ఎండిపోయిన రక్షక పత్రావళి దాని చుట్టూ ఒరలా మిగిలే ఉంటుంది. కొసన నాలుగు మొనలుగా విచ్చుకుంటుంది. ఎండిన గుత్తిని తెల్ల కాగితం మీద తట్టి చూడండి. గోధుమ రంగు విత్తనాలు పొడిలా రాలతాయి, ఒక్కొక్కటి అర మిల్లీమీటరు ఉంటుంది, అంతే. పెద్ద పొద ఒక్కటి లక్షల్లో విత్తనం వేయగలదు. గాలికి, వాన నీటికి కొట్టుకుపోతుంది. మీ వాగు ఒడ్డున అది ఉండటానికి కారణం అదే.

ఇప్పుడు నైట్ క్వీన్ సంగతి. మీ రెండో మిత్రుడు ఊరికే అనలేదు, ఆయన ఆలోచనకి ఆధారం ఉంది. నైట్ క్వీన్ కూడా సొలనేసియే, దాని పూలూ సన్నని గొట్టాలే. సెస్ట్రం అనే ఆ ప్రజాతిలో చిలీ, అర్జెంటీనా వైపు పసుపు పూల అడవి పొద కూడా ఒకటి ఉంది, సెస్ట్రం పార్కి. దూరం నుంచి పొరబడటం సహజం. కానీ సెస్ట్రం పువ్వు కొసన ఐదు రేకులు నక్షత్రంలా విచ్చుకుంటాయి, రాత్రి వాసన వేస్తాయి, కాయ చిన్న పండులా కండగా ఉంటుంది. గ్లాకా పువ్వుకి చెప్పుకోదగ్గ వాసన ఉండదు, పగలే పని. కాయ చూస్తే అనుమానం పూర్తిగా తీరిపోతుంది. ఏ సీజన్‌లో వెళ్ళినా పొద మీద ఎక్కడో ఒకచోట పాత గుళికలు దొరుకుతాయి.

సొంత నేల మీద ఎలా ఉంటుంది?

అర్జెంటీనాలో సాల్టా నుంచి ఉత్తరంగా హుహుయ్ వైపు వెళ్తే ఉమావాకా లోయ వస్తుంది. రంగురంగుల మట్టి పొరలున్న కొండలు, వాటి మీద చెట్లంత ఎత్తున స్తంభాల్లాంటి కాక్టస్‌లు, మధ్యలో వేసవి వానలకి ఉప్పొంగి మిగతా కాలమంతా గులకరాళ్ళు తేలి ఉండే నది. లోయలో ఊళ్ళు 2,000 నుంచి 3,000 మీటర్ల ఎత్తులో ఉంటాయి. పగలు ఎండ కాల్చేస్తుంది, రాత్రి చలి కోస్తుంది. అక్కడ గ్లాకాని వెతకాల్సిన పని లేదు. నది గులకల మధ్య, రోడ్డు తవ్విన గట్టు మీద, కూలిన మట్టిగోడ పగుళ్ళలో, ఎక్కడ నేల కొత్తగా కదిలిందో అక్కడే లేస్తుంది. ఆ దేశంలో దీన్ని పలాన్ పలాన్ అంటారు, నాటువైద్యంలో ఆకుని పుండ్ల మీద పైకట్టుగా వాడతారు. పైకట్టు వేరు, కడుపులోకి పోవడం వేరు అన్న సంగతి అక్కడి జనానికి బాగా తెలుసు.

ఈ పొద అక్కడి వరద మేటలకీ, జారిన కొండచరియలకీ అలవాటు పడి తయారైంది. మైనపు పూత ఎండని వెనక్కి కొడుతుంది, నీరు ఆవిరైపోకుండా కాపాడుతుంది. గింజ చిన్నది కాబట్టి ఎంత దూరమైనా పోతుంది. నీడనిచ్చే పెద్ద చెట్లు వచ్చేలోపే ఇది ఎదిగి, పూసి, విత్తనం రాల్చేస్తుంది. రోడ్లు, ఇళ్ళ పునాదులు, కాలవలు అంటూ మనుషులు భూమిని తవ్విన ప్రతిచోటా దానికి తన నది ఒడ్డే కనిపిస్తుంది. కాలిఫోర్నియా, మెక్సికో, మధ్యధరా తీరం, కానరీ దీవులు, ఇజ్రాయెల్, దక్షిణాఫ్రికా, నమీబియా, ఆస్ట్రేలియా, ఇలా పొడి వాతావరణం ఉన్న చోటల్లా స్థిరపడింది. మన దేశంలోనూ నాటుకుపోయినట్టు రికార్డులు ఉన్నాయి.

శాస్త్రానికి ఇది పరిచయమైంది కూడా పరాయి నేల మీదే. బ్యూనస్ ఐరిస్ నుంచి వచ్చిన విత్తనాలతో స్కాట్లాండ్‌లో పెంచిన మొక్కల్ని చూసి ఎడింబరో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ గ్రాహం 1828లో దీనికి పేరు పెట్టి వర్ణించాడు. ఆ తర్వాత వందేళ్ళకి మీ రాష్ట్రానికే చెందిన బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి థామస్ గుడ్‌స్పీడ్ ఆండీస్‌లో పొగాకు బంధువుల కోసం 1930లలో యాత్రలు నడిపాడు, 1954లో ప్రజాతి మొత్తం మీద పెద్ద గ్రంథం తెచ్చాడు. ఆయన గ్లాకాని పెరూ వైపు పానిక్యులాటా అనే పొగాకు జాతి ఉన్న గుంపులో చేర్చాడు. పసుపు పచ్చ గొట్టం పూలు చూస్తే ఎవరికైనా అలాగే తోస్తుంది. డీఎన్ఏ పరిశీలనలు వచ్చాక, 2004 వర్గీకరణలో దీన్ని అక్కడి నుంచి తీసి నాక్టిఫ్లోరే అనే గుంపులో పెట్టారు. ఆ గుంపులో మిగతావి ఎక్కువగా ఆండీస్ పక్కన పొడి నేలల్లో పెరిగే చిన్న మొక్కలు, రాత్రి పూట పూచి రెక్కల పురుగుల్ని పిలిచేవి. వాటి మధ్య పగలు పూచి పక్షుల్ని పిలిచే ఆరు మీటర్ల పొద ఇదొక్కటే. పువ్వు ఆకారం చూసి చుట్టరికం కట్టకూడదని మా విద్యార్థులకి చెప్పేటప్పుడు నేను ముందు ఎత్తేది ఈ ఉదాహరణే. ఒకే రకం పక్షి పనిచేస్తే, చుట్టరికం లేని మొక్కలకి కూడా ఒకే రకం పువ్వు వస్తుంది.

పక్షులు. మీరు హమ్మింగ్‌బర్డ్స్ గురించి అడిగారు, ఈ మొక్కలో నాకు బాగా ఇష్టమైన సంగతి కూడా అదే. సొంత దేశంలో దీని పరాగ సంపర్కం హమ్మింగ్‌బర్డ్స్ పనే. గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, సన్నని ముక్కుని గొట్టంలోకి దూర్చి తేనె లాగుతాయి. వాలడానికి రేకు అవసరం లేదు కాబట్టి ఈ పువ్వు రేకు మీద ఖర్చు పెట్టలేదు. అర్జెంటీనాలో ఒక్కో ప్రాంతంలో గొట్టం పొడవు ఒక్కోలా ఉంటుంది, అది అక్కడ తిరిగే పక్షుల ముక్కు పొడవుతో జత కుదురుతుందని అక్కడి పరిశోధకులు కొలిచి చూపించారు. కొన్నిచోట్ల ఎర్ర పూలవి కూడా ఉన్నాయి.

దక్షిణాఫ్రికాలో హమ్మింగ్‌బర్డ్స్ లేవు. అక్కడ ఉన్నవి మన తేనెపిట్టల కుటుంబం. తేనెపిట్ట సాధారణంగా కొమ్మ మీద కూర్చునే తేనె తాగుతుంది. గ్లాకా పువ్వు దగ్గర కూర్చోవడానికి తగిన చోటు ఉండదు. అందుకని అక్కడి తేనెపిట్టలు గాల్లో నిలబడి తాగడం పరిశోధకులు గమనించి 2009లో ప్రచురించారు. పరాయి ఖండం నుంచి వచ్చిన ఒక పొద కోసం పక్షి తన అలవాటు మార్చుకుంది. గ్రీస్‌లోనూ, కానరీ దీవుల్లోనూ ఇలాంటి పక్షులు దీనికి లేవు. అయినా కాయలు కాస్తూనే ఉంది. పుప్పొడి తిత్తులూ కీలాగ్రమూ ఒకే ఎత్తులో ఉంటాయన్నాను కదా, తన పుప్పొడితో తానే ఫలించగలదు. ఏ దేశంలో దిగినా ఒక్క గింజతో సంసారం మొదలుపెట్టగల శక్తి అది.

పూల అడుగున, రక్షక పత్రావళికి కాస్త పైన, సన్నని చీలికలు కనిపిస్తే అది తేనె దొంగల పని. గొట్టం మూతి దాకా పోకుండా పక్క నుంచి కోసి తాగే తుమ్మెదల్లాంటివి పువ్వుకి ఏ ఉపకారమూ చేయవు.

విషం ఏమిటి, ఎందుకు ఉడికించినా పోదు?

సాగు పొగాకులో ప్రధాన క్షారకం (ఆల్కలాయిడ్) నికోటిన్. గ్లాకా ఆకులో ప్రధానంగా ఉండేది అనబాసిన్. రెండిటి అణువులోనూ 10 కార్బన్లు, 14 హైడ్రోజన్లు, 2 నైట్రోజన్లు. అమరిక మాత్రం తేడా. నికోటిన్‌లో ఒక వలయం ఐదు పరమాణువులది, అనబాసిన్‌లో దాని బదులు ఆరు పరమాణువుల వలయం. ఇంకో తేడా కూడా ఉంది. నికోటిన్ వేళ్ళలో తయారై ఆకుకి ఎక్కుతుంది. గ్లాకా కొమ్మని టమాటా వేరు మీద అంటుకట్టినా దాని ఆకులో అనబాసిన్ తయారవుతూనే ఉంటుందని 1940లలోనే ప్రయోగాల్లో తేలింది. అంటే పైభాగానికి ఆ శక్తి స్వయంగా ఉంది.

ఈ రెండూ శరీరంలో ఒకే తాళంలో దూరతాయి. నరాల నుంచి కండరాలకి ఆజ్ఞలు అందే చోట ఉన్న గ్రాహకాలని పట్టుకుంటాయి. మొదట వాటిని విపరీతంగా రెచ్చగొడతాయి: వాంతులు, చెమట, చొంగ, తలతిరుగుడు, గుండె దడ. తర్వాత అదే గ్రాహకాలు మొద్దుబారిపోతాయి, కండరాలు సడలిపోతాయి. ఊపిరి తీసుకునే కండరాలకి ఆ స్థితి వచ్చినప్పుడే ప్రాణం మీదికి వస్తుంది. నేరుగా పనిచేసే విరుగుడు మందు లేదు. ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద పెట్టి విషం శరీరం నుంచి పోయేదాకా ఊపిరి నిలబెట్టడమే వైద్యం. సమయానికి చేరినవాళ్ళు చాలామంది కోలుకుంటారు.

మరుగుతున్న నీళ్ళ వేడికి అనబాసిన్ విరగదు. దక్షిణాఫ్రికాలో అడవి ఆకుకూర అనుకుని వండుకున్నవాళ్ళు, ఇజ్రాయెల్‌లో పాలకూర లాంటిదనుకుని తిన్నవాళ్ళు, అమెరికాలో ఉడకబెట్టి తిన్నవాళ్ళు, అందరిదీ ఇదే కథ. ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్లుగా పనిచేస్తున్న మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడ కూడా ఈ పొద రోడ్ల పక్కన, ఖాళీ స్థలాల్లో విరివిగా ఉంటుంది. వాళ్ళలో మీకు తెలిసినవాళ్ళుంటే ఈ సంగతి చేరవేయండి.

మీ అత్తగారు లేత మొక్కల్ని ఆకుకూర అనుకోవడంలో ఆమె తప్పేమీ లేదు. పల్లెలో పెరిగినవాళ్ళ చూపు అది. పొన్నగంటి, గలిజేరు, గంగవాయిల కూర, పొలం గట్ల మీద కళ్ళతోనే ఏరుకున్న తరం వాళ్ళది. ఆ చూపు ఆ నేలకి నేర్చుకున్నది. కాలిఫోర్నియాలో ఆ నేల లేదు. పైగా గ్లాకా మోసం చేసే వయసు సరిగ్గా లేత వయసే. పెద్ద పొదకి పసుపు పూలుంటాయి కాబట్టి ఎవరైనా ఆగి ఆలోచిస్తారు. చిన్న మొక్క నేలకి ఆనుకుని, గుండ్రంగా పరుచుకున్న నాలుగైదు మెత్తటి ఆకులతో ఉంటుంది, పూవు లేదు, కాయ లేదు. ఎండాకాలంలో చుట్టూ గడ్డి అంతా ఎండి పోయినప్పుడు అదొక్కటే పచ్చగా కనిపిస్తుంది. చెయ్యి అటే పోతుంది. పేరు ఖాయంగా తెలియని ఏ ఆకునీ పరాయి దేశంలో కూర చేయకూడదు అన్న నియమం మీ ఇంట్లో పెట్టుకోండి. గంగవాయిల కూర తినాలని ఉంటే మెక్సికన్ దుకాణాల్లో వెర్దొలాగాస్ పేరుతో దొరుకుతుంది, ఆవిడకి అది కొనిపెట్టండి.

పొరపాటున ఎవరైనా తింటే వాంతి కోసం ఇంట్లో ప్రయోగాలు చేయొద్దు. ఊపిరి ఇబ్బందిగా ఉన్నా, మగతగా ఉన్నా, కాళ్ళూ చేతులూ పట్టు తప్పుతున్నా నేరుగా అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి. లక్షణాలు ఇంకా రాకపోతే పాయిజన్ కంట్రోల్ 1-800-222-1222కి వెంటనే ఫోన్ చేయండి. మొక్క కొమ్మ ఒకటి కవర్లో వేసి వెంట తీసుకెళ్ళండి, లేదా ఫొటో చూపించండి. డాక్టరుకి అదే పెద్ద సాయం.

చుట్టలా చుట్టి కాల్చొచ్చా అని కూడా ఎవరైనా అడగొచ్చు. వద్దు. పొగాకు బంధువు అయినంత మాత్రాన సాగు పొగాకుతో సమానం కాదు. పశువులకి కూడా ప్రమాదమే. చూడితో ఉన్న గొర్రెలు, ఆవులు, పందులు దీన్ని తింటే కాళ్ళు వంకర తిరిగిన, అంగిలి చీలిన పిల్లలు పుడతాయని పశువైద్య ప్రయోగాల్లో రుజువైంది.

ఇంత విషపు మొక్కని తోటలో ఎందుకు పెంచారని మీకు అనిపించొచ్చు. ప్రయోగశాలకి గ్లాకా చేసిన మేలు తక్కువేం కాదు. 1930లో డాంచో కోస్తోవ్ అనే జన్యుశాస్త్రవేత్త దీనికీ నికోటియానా లాంగ్స్‌డార్ఫై అనే జాతికీ సంకరం చేస్తే, ఏ క్రిమీ సోకకుండానే ఆ సంకర మొక్కల మీద గడ్డలు లేచాయి. 1983లో ఇంకో విశేషం బయటపడింది. వేళ్ళకి రోగం తెచ్చే అగ్రోబాక్టీరియం అనే ఒక బాక్టీరియా జన్యువుల లాంటివి ఏ రోగమూ లేని గ్లాకాలోనే స్థిరంగా ఉన్నాయి. ఏనాడో ప్రకృతే ఆ బాక్టీరియా జన్యువుని ఇందులోకి చేర్చింది, తరతరాలుగా వారసత్వంగా వస్తోంది. 2014లో జర్మనీ పరిశోధకులు గ్లాకానీ సాగు పొగాకునీ అంటుకట్టి, అతుకు దగ్గర రెండిటి జన్యు సంపదా కలిసిపోయిన కణాల నుంచి కొత్త మొక్కని రాబట్టారు. గ్లాకా 24 క్రోమోజోములు, పొగాకు 48, కొత్త మొక్కకి 72. పువ్వుల సంకరం లేకుండా అంటు ద్వారానే కొత్త జాతి పుట్టగలదని దాంతో తెలిసింది. రాజమండ్రిలో 1947లో ఏర్పడ్డ కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ అడవి జాతుల్ని జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చిందీ ఇలాంటి అవసరాల కోసమే. మన చేలో పెరిగే పొగాకు కూడా ఆండీస్ ప్రాంతంలో రెండు అడవి జాతులు కలిసి పుట్టిందే. దాని రోగాలకీ, పురుగులకీ మందు వెతకాలంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ బంధువుల ఇంటికే వెళ్ళాలి.

ఇక పెరటి విషయం. పెంచొద్దనే చెబుతాను. హమ్మింగ్‌బర్డ్స్‌కి దీని తేనె ఇష్టమే, నిజం. కానీ ఒక్క పొద నుంచి పొడిలాంటి విత్తనం వాన నీటితో మీ వీధి కాలవలోకి, అక్కడి నుంచి వాగులోకి పోతుంది. మీ ఇంట్లో పాకే పిల్లలుంటే ఆలోచించాల్సిన పనే లేదు. పక్షుల కోసమే అయితే కాలిఫోర్నియా సొంత మొక్కలు ఉన్నాయి: హమ్మింగ్‌బర్డ్ సేజ్, కాలిఫోర్నియా ఫ్యూషియా. రెండూ నేటివ్ నర్సరీల్లో దొరుకుతాయి, నీళ్ళు తక్కువ చాలు.

మీ కాంపౌండ్ లోపల ఇప్పటికే మొలిచి ఉంటే, మోకాలి ఎత్తులోపు ఉన్నవాటిని వాన పడ్డ మర్నాడు గ్లవ్స్ వేసుకుని వేళ్ళతో సహా లాగేయండి, తడి నేలలో తేలిగ్గా వస్తాయి. పెద్దదైతే కొట్టి వదిలేస్తే మొద్దు నుంచి మళ్ళీ చిగురిస్తుంది, మొద్దుతో సహా తవ్వించాలి. కాయలున్న కొమ్మల్ని ముందు సంచిలో మూట కట్టి తర్వాత కొట్టండి. తీసేసినదాన్ని కాల్చొద్దు, పొగ పీల్చడం మంచిది కాదు. వాగు పక్కన ఉన్నదాన్ని మీరు ముట్టుకోవద్దు, అది ఎవరి స్థలమో చూసి సిటీ పార్క్స్ వాళ్ళకి చెప్పండి. ఇంకా అనుమానం ఉంటే మూడు ఫొటోలు పెట్టండి: కాడ కనపడేలా ఒక ఆకు, పక్క నుంచి ఒక పువ్వు, విచ్చుకున్న పాత కాయ ఒకటి. ఆ మూడూ స్పష్టంగా ఉంటే ఖాయంగా చెబుతాను.